గడగడా చదివినంత మాత్రాన

చదవడం వేరు, చదివింది బుర్రకెక్కడం వేరు అన్న సంగతి తెలుసుకోవడానికి నాకు పన్నెండేళ్లు పట్టింది. ఆ పన్నెండేళ్లూ నేను తెలుగు టీచర్‌నే. పిల్లల చేత పాఠాలు చదివించాను, పద్యాలు అప్పజెప్పించుకున్నాను, మంచి టీచర్ అనే పేరు కూడా తెచ్చుకున్నాను. కొత్తగా ఈ పనిలోకి వస్తున్నవాళ్లు, ముఖ్యంగా ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు చేతికొచ్చినవాళ్లు, నాలాగా అన్నేళ్లు పోగొట్టుకోకూడదని ఇది రాస్తున్నాను. నాకొచ్చిన ప్రమోషన్ల గురించి, నింపిన రిజిస్టర్ల గురించి రాయను. వాటి వల్ల నేను నేర్చుకున్నది ఏమీ లేదు.

మా బడి ఎల్బీనగర్ చౌరస్తా నుంచి కొంచెం లోపలికి వెళ్తే వచ్చే సర్కారు బడి. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి ఉండేదాన్ని. పొద్దున ఎనిమిదింటికి షేర్ ఆటోలో ముందు సీటు చివర కూర్చుని, ఒక చేత్తో కడ్డీ, ఇంకో చేత్తో టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరితే, రోడ్డుకు రెండు వైపులా కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కనిపించేవి. వేసవి మొదలైతే కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర ఆటో ఆగిపోయేది. మామిడి లారీలు కదిలేదాకా ఆ వాసనలో కూర్చోవాల్సిందే. ఇప్పుడు ఆ దారి మీద మెట్రో పోతోంది. పావుగంటలో దాటేస్తారు. నాకైతే ఆ ఇరుకు ఆటోనే గుర్తొస్తుంది, ఎందుకంటే ఏ రోజు పాఠం గురించి ఆ రోజు నేను ఆలోచించుకున్నది అందులోనే.

"ఎన్నో ప్రశ్న సార్?"

ఏడో తరగతిలో భవాని అనే అమ్మాయి ఉండేది. బూరబుగ్గలు, రెండు జడలు, గొంతు గంటలా మోగేది. పుస్తకం తెరిస్తే చాలు, గడగడా చదివేది. ఒత్తులు పోయేవి కావు, కామా దగ్గర ఆగేది, ఫుల్‌స్టాప్ దగ్గర ఊపిరి తీసుకునేది. ఎవరు బడి చూడటానికొచ్చినా భవానినే లేపేదాన్ని.

ఒకసారి పైనుంచి ఒక ఆఫీసరు వచ్చారు. పాఠం ఒక రైతు కథ. కరువు ఏడాది ఆ రైతు తన ఎద్దును సంతకు తోలుకెళ్లి అమ్మేసి, ఒట్టి పలుపుతో ఇంటికి నడిచి వస్తాడు. భవాని రెండు పేజీలు చదివింది. ఆయన ముచ్చటపడి, "శభాష్ బిడ్డా. మరి ఎద్దును ఎందుకు అమ్మిండు?" అని అడిగారు.

భవాని తడుముకోకుండా, "ఎన్నో ప్రశ్న సార్?" అంది.

ఆయనకు అర్థం కాలేదు. నాకు అయ్యింది. ఈ పాఠం కింద ఉన్న ప్రశ్నలకు నేను బోర్డు మీద జవాబులు రాయించాను. ప్రశ్న నంబరు చెబితే భవాని ఆ జవాబు ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతుంది. నంబరు లేని ప్రశ్న ఆమె ఎప్పుడూ వినలేదు. ఆఫీసరు నవ్వి, వీపు తట్టి వెళ్లిపోయారు. ఆయన ఏమీ రాయలేదు, ఏమీ అనలేదు. కానీ ఆ రోజు నేను స్టాఫ్ రూంలో టిఫిన్ డబ్బా తెరవలేదు.

మా లెక్కల మాస్టారు వెంకటరత్నం గారు పక్క కుర్చీలో ఉన్నారు. వాళ్లది గుంటూరు వైపు. చిన్నప్పుడే తండ్రితో పాటు హైదరాబాద్ వచ్చేశారు. సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు.

"మీ దగ్గరే కాదు మేడమ్, నా దగ్గరా అదే గొడవండి. నిన్న ఒక లెక్క ఇచ్చాను. రవి తమ్ముడికి ఎనిమిది పెన్సిళ్లు ఇచ్చాక పన్నెండు మిగిలాయి, మొదట ఎన్ని ఉన్నాయి అని. క్లాసు క్లాసంతా నాలుగు అన్నారు. 'మిగిలాయి' అన్న మాట కనపడిందా, తీసెయ్యడమే. ఎనిమిది ఇచ్చినవాడి దగ్గర మొదట నాలుగే ఎలా ఉంటాయర్రా అంటే నా మొహం చూస్తారు. వాళ్లకు రానిది తీసివేత కాదండీ, తెలుగు."

తెలుగు టీచర్‌కు లెక్కల మాస్టారు ఆ మాట చెప్పాల్సి వచ్చింది.

నేను మూయించిన నోరు

మర్నాటి నుంచి జవాబులు రాయించడం మానేశాను. పుస్తకంలో దొరకని ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాను. అదే పాఠంలో, "ఎద్దును అప్పగించాక రైతు వెనక్కి తిరిగి చూడకుండా నడిచాడు" అని ఒక వాక్యం ఉంది. ఎందుకు చూడలేదు అని అడిగాను. నలభై మంది తలలు దించుకున్నారు. భవాని పేజీలు తిరగేసి వెతికింది, దొరకలేదు.

చివరి బెంచీ నుంచి స్వరూప లేచింది. ఆ పిల్ల వేలు పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివేది. అందుకని ఆమెను నేనెప్పుడూ పైకి చదవమనలేదు. వాళ్లమ్మ అంజమ్మ పండ్ల మార్కెట్‌లో బత్తాయిలు ఏరే పని చేసేది.

"ఎన్కకు జూస్తే గది గుడ జూస్తది టీచర్," అంది స్వరూప. "చూపు చూపు కలిసినంక ఇడిసిపెట్టబుద్ధి గాదు."

అంతకంటే మంచి జవాబు నా ఉద్యోగ జీవితంలో చాలా తక్కువసార్లు విన్నాను. ఆ రోజు నేనేమన్నానో చెప్పాలి కదా.

"ఎన్కకు జూస్తే కాదు, వెనక్కి చూస్తే. గది గుడ కాదు, అది కూడా. సరిగ్గా మళ్లీ చెప్పు," అన్నాను.

ముందు బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. స్వరూప పెదవులు కదిలాయి. "ఏం లేదు టీచర్," అని కూర్చుంది. తర్వాత దసరా సెలవులు వచ్చాయి, పోయాయి. ఆ పిల్ల నా క్లాసులో మళ్లీ నోరు తెరవలేదు. నేను గమనించనైనా లేదు. చివరి బెంచీ పిల్లలు మాట్లాడకపోవడం మామూలే కదా అనుకున్నాను.

నేనెందుకు అలా తయారయ్యానో చెప్పుకోవడం సాకు అవుతుందేమో గానీ, కొత్తవాళ్లకు పనికొస్తుంది. మాది నల్గొండ జిల్లాలో ఒక చిన్న ఊరు. మా అమ్మకు చదువు రాదు. ఆదివారం చర్చిలో అయ్యగారు వాక్యం చదివితే విని, ఇంటికి నడుస్తూ దారి పొడుగునా నన్ను అడిగేది. తప్పిపోయిన చిన్నకొడుకు తిరిగొస్తే తండ్రి విందు చేసిన కథ విన్న రోజు ఇట్లా: "గా పెద్దకొడుకు ఎందుకు అలిగిండే? తండ్రి బయిటికొచ్చి బతిమిలాడిండంటే తప్పు తండ్రిదేనంటవా?" నేను బైబిలు చదవగలిగేదాన్ని. ఆమె ప్రశ్నలకు మాత్రం నా దగ్గర జవాబు ఉండేది కాదు. అట్లాంటి తల్లికి పుట్టి, ట్రైనింగ్ కాలేజీకి పోయాను. అక్కడ నేను నోరు తెరిస్తే నవ్వారు. ఏడాదిలో నా మాటంతా కడిగేసుకున్నాను. మా అమ్మ ఫోన్ చేస్తే కూడా పుస్తకంలా మాట్లాడేదాన్ని. నన్ను ఎట్లా సిగ్గుపడేలా చేశారో, నేను పిల్లలను అట్లాగే చేశాను, అదే చదువు చెప్పడం అనుకుని.

అంజమ్మ అడిగిన మాట

నవంబర్‌లో ఒక మధ్యాహ్నం స్వరూప తల్లి బడికి వచ్చింది. పని మధ్యలో వచ్చినట్టుంది, చీర కొంగు నడుముకు దోపుకునే ఉంది, చేతుల నిండా బత్తాయి తొక్క వాసన.

"టీచరమ్మా, నా బిడ్డ ఇంట్ల మస్తు మాట్లాడ్తది. పేపర్ ముక్క దొరికితె కూడ చదివి, గిదేంది, గట్ల ఎందుకు రాసిన్రు అని నా పానం తీస్తది. బళ్ల మాట్లాడ్తలేదంట. జర ఏమైందో చెప్పున్రి."

"అలా ఏమీ లేదమ్మా. మీ అమ్మాయి కొంచెం నెమ్మదస్తురాలు. భాష మెరుగుపడాలి," అన్నాను.

ఆమె నన్ను తేరిపార చూసింది. "మీదేడ టీచరమ్మా? విజయవాడనా?"

"కాదు. నల్గొండ దగ్గర."

"నల్గొండనా!" ఆమె మొహం విప్పారింది. "మాది గుడ ఆ దిక్కే గదా." మళ్లీ అంతలోనే ఆ మొహంలో ఏదో అయోమయం. "మరి గిట్ల మాట్లాడ్తరేంది?"

వెక్కిరింపు కాదు అది. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నేను ఏదో చెప్పాలని నోరు తెరిచాను. ఏ భాషలో చెప్పాలో తెలియలేదు.

"నా బిడ్డ మాట తప్పంటున్నరంట," అంది ఆమె నెమ్మదిగా. "మాట తప్పయితే సరే, నేర్పున్రి. కని అది చెప్పినదాంట్ల తప్పున్నదా టీచరమ్మా?"

"లేదు," అన్నాను. "అది చెప్పిందాంట్ల తప్పు లేదక్కా."

అక్కా అన్న ఆ మా ఊరి మాట నా నోటి నుంచి దానంతట అదే వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత.

మర్నాడు క్లాసులోకి వెళ్లి స్వరూపను క్షమించమని అడిగాను. అందరి ముందే. టీచర్ అలా అడగకూడదని నాతో తర్వాత కొందరు అన్నారు. అడగాలి. నలుగురిలో చేసిన తప్పును నలుగురిలోనే ఒప్పుకోవాలి. తర్వాత క్లాసుకు ఒక కొత్త కట్టుబాటు చెప్పాను. నోటితో చెప్పేటప్పుడు మీ ఇంట్లో మాట. నోట్సులో రాసేటప్పుడు పుస్తకం మాట. ముందు అర్థం, ఆ తర్వాతే అక్షరం. స్వరూప వెంటనే ఏమీ మాట్లాడలేదు. పిల్లల నమ్మకం అంత చవక కాదు. రెండు వారాల తర్వాత ఒక రోజు చెయ్యి ఎత్తింది, సగం.

కష్టం ఎవరికొచ్చిందంటే భవానికి. "ఏ ప్రశ్న వస్తదో చెప్పండి టీచర్, బట్టీ కొట్టుకొస్త," అని నా వెంట తిరిగేది. తెలియనిదాన్ని తెలియదనడం ఆ పిల్లకు చేతకాదు. అర్థం కాని చోట మరింత గట్టిగా, మరింత వేగంగా చదివేది. ఇది గుర్తుపెట్టుకోండి. క్లాసులో అందరికంటే బాగా చదివే పిల్ల మీదే మీ కన్ను ఎక్కువ ఉండాలి. తడబడే పిల్లకు తనకు రాదని తెలుసు. గడగడా చదివే పిల్లకు ఆ సంగతి తెలియదు, మీరూ కనిపెట్టలేరు.

మేడ మీద బడి

మరుసటి ఏడాది ఆ పిల్లలే ఎనిమిదిలోకి వచ్చారు. ఉద్యమం అప్పటికే ఊరంతా నిండి ఉంది. రోడ్ల మీద వంటావార్పు, గోడల నిండా జై తెలంగాణ, ఎప్పుడు బంద్ వస్తుందో తెలియదు. సకల జనుల సమ్మె వచ్చింది. టీచర్లం కూడా దిగాం. నేనూ టెంట్ కింద కూర్చున్నాను, మనస్ఫూర్తిగానే కూర్చున్నాను. మా నాన్న తరం ఎదురుచూసిన రాష్ట్రం అది. బడికి తాళం పడింది. వారాలు గడుస్తున్నాయి.

ఒక రోజు అంజమ్మ మా ఇంటికొచ్చింది. "కొట్లాట మంచిదే టీచరమ్మా, మేం గుడ వస్తం. కని పోరగాండ్లు చదివింది మొత్తం మర్శిపోతున్నరు," అంది. ఆమె అన్నది నిజం. మర్నాటి నుంచి పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా మా కిరాయి ఇంటి మేడ మీద పిల్లలను కూర్చోబెట్టాను. మొదటి రోజు ఐదుగురు. తర్వాత పద్నాలుగు మంది. నీళ్ల ట్యాంకు నీడ ఎటు జరిగితే చాపలు అటు జరిపేవాళ్లం.

పుస్తకాలు కొందరి దగ్గరే ఉన్నాయి. అందుకని రోడ్డు మీద దొరికిన కాగితాలు తెమ్మన్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో కాగితాలకు కొదవా! కోచింగ్ సెంటర్ల పాంప్లెట్లు, చీరల షాపు డిస్కౌంట్లు, మందుల డబ్బాల్లో చీటీలు. ప్రతి కాగితానికీ మూడే ప్రశ్నలు. ఎవరు చెప్తున్నారు? ఎవరికి చెప్తున్నారు? ఏం చెప్పకుండా వదిలేశారు?

ఒక పాంప్లెట్‌లో, "మా దగ్గర చదివిన ప్రతి ఒక్కరూ విజేతలే" అని ఉంది. కింద ఇరవై నాలుగు ఫొటోలు.

"ఇరవై నాలుగు మందే చదివిన్రా టీచర్?" అంది స్వరూప. "గెల్వనోళ్ల ఫొటోలు ఏడ వెట్టిన్రు?"

పిల్లలంతా పడీ పడీ నవ్వారు. ఆ రోజు నుంచి చదవడం వాళ్లకు ఆట అయిపోయింది. చదువు చెప్పడంలో నేను అంత సుఖపడిన రోజులు మళ్లీ రాలేదు.

వెంకటరత్నం గారు మా వెనక గల్లీలోనే ఉండేవారు. ఒక రోజు పిల్లల గోల విని మేడ ఎక్కి వచ్చారు. "సార్, మీరు సమ్మెల ఉన్నరా, లేరా?" అని ఒకడు మొహమాటం లేకుండా అడిగాడు.

"బడికి తాళం ఉందిగా నాయనా. నేనూ ఉన్నట్టేగా," అన్నారాయన. తర్వాత రోజూ వచ్చి పిట్టగోడ మీద కూర్చుని లెక్కలు చెప్పేవారు. ఆయన లోపల ఎంత దిగులుతో ఉన్నారో నాకు తెలుసు. ఇంట్లో భార్య గుంటూరు వెళ్లిపోదాం అంటోందని ఒకసారి చెప్పారు.

మనం, మేము

ఒక ఉదయం స్వరూప గోడ మీంచి ఊడదీసిన కరపత్రం ఒకటి తెచ్చింది. కింద ఎవరి పేరూ లేదు. భవాని దాన్ని గంట మోగినట్టు చదివింది. పైన, "మనమంతా ఈ నేల బిడ్డలం. మనం ఒక్కటై నిలబడాలి" అని ఉంది. కింద, "మా కొలువులు మాకే కావాలి. మేము ఇక ఓర్చుకోం. వచ్చినవాళ్లు వచ్చిన దారినే పోవాలి" అని ఉంది.

ఎవరు చెప్తున్నారు, ఎవరికి అనే దగ్గర పిల్లలు చర్చించుకుంటున్నారు. స్వరూప వేలు పెట్టి మెల్లగా రెండోసారి చదివింది.

"టీచర్, మీదికెళ్లి 'మనం' అని రాసిన్రు. కిందికొచ్చెటాలకు 'మేము' అయ్యింది. మనం అంటే చదివేటోళ్లు గుడ కలిసినట్టే గద? మేము అంటే ఎవరో బయటికి పోయినట్టు. నడుమల ఎవరు పోయిన్రు టీచర్?"

పిల్లలందరి కళ్లూ పిట్టగోడ మీదున్న వెంకటరత్నం గారి వైపు తిరిగాయి. నేను ఉద్యమంలో మనిషిని. ఆయన నా స్నేహితుడు. ఆ కాగితం లాక్కుని, ఇంకో కాగితం తీయండర్రా అని అనేద్దామని నోటిదాకా వచ్చింది. ఆ పిల్ల నోరు నేను రెండోసారి మూయించబోయాను, అదీ నిజం.

వెంకటరత్నం గారే మాట్లాడారు. "మంచి ప్రశ్న వేశావమ్మా. నన్ను చూసి ఆగకు. జవాబు కూడా చెప్పు."

స్వరూప తల దించుకుంది. "మీరు పోయిన్రు సార్."

"సార్ ఏడికి పోయిండు?" భవాని గట్టిగా అంది. "ఈడనే కూసున్నడు గద!"

ఆయన నవ్వారు. నవ్వుతూనే కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నాకు మూడేళ్లప్పుడు మా నాన్న నన్ను మలక్‌పేట తీసుకొచ్చాడర్రా. ఇక్కడ నోరు తెరిస్తే ఆంధ్రావాడంటారు. మా ఊరు వెళ్తే, వీడికి హైదరాబాదు యాస వచ్చేసిందంటారు. ఏ 'మనం'లో ఉన్నానో నాకే తెలీదు." "కానీ చదవడం సగంలో ఆపకండి. కొలువుల గురించి వాళ్లు రాసింది చూడండి. ఊరికే అంత కోపం రాదు. ఆ కోపం ఎందుకొచ్చిందో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి తెలుసుకోండి. అందులో నిజం ఉంది. నన్ను పొమ్మన్నారని నేను దాన్ని అబద్ధం అంటే నాకూ చదవడం రానట్టే."

ఆ రోజు పిల్లలు చాపలు చుట్టుకుని దిగి వెళ్లిపోయాక ఆయన పిట్టగోడ దిగి వచ్చారు. "ఆ పిల్ల ఎక్కడ నేర్చుకుందండీ ఇదంతా?" అన్నారు. "నా దగ్గర మాత్రం కాదు," అన్నాను.

పెద్దసారు

సమ్మె ముగిసి బడి తెరిచిన రెండో రోజే పెద్దసారు నన్ను పిలిపించారు. అప్పటి మా హెడ్మాస్టరు వరంగల్ వైపు మనిషి, ఉద్యమంలో ముందు నిలబడ్డవారు, మాట కరుకు. ఆయన ముందు ఒక విద్యార్థి తండ్రి కూర్చుని ఉన్నాడు.

"గీ టీచర్ పోరగాండ్లకు ఉద్యమం మీద శంకలు వెట్టిస్తుందట సార్," అన్నాడతను. "మా పిలగాడు ఇంటికొచ్చి, నాయినా 'మనం' అంటే ఎవరు అని అడుగుతుండు. నా నోట్లె మాట లేదు."

"కరుణ మేడం, నిజమేనా?" అన్నారు పెద్దసారు.

జరిగింది జరిగినట్టు చెప్పాను. కరపత్రం నా బ్యాగులోనే ఉంది, తీసి ఇచ్చాను. ఆయన చదివారు. మళ్లీ చదివారు. పైకి ఒక కాగితం రాస్తే నన్ను ఎక్కడికి పంపుతారో, ఎవరి పక్షం మనిషినని ముద్ర వేస్తారో తెలియదు. ఆ రోజుల్లో ఆ ముద్ర చిన్నది కాదు.

"గిది మా గల్లీ గోడ మీద గుడ ఉండె," అన్నారాయన చివరికి. "రోజు చూసిన. నాకు కనవడలే." తర్వాత ఆ తండ్రి వైపు తిరిగారు. "రేపు రాష్ట్రం వస్తది. గవర్మెంటోళ్లు కాగితాలు తెస్తరు, కంపినోళ్లు తెస్తరు, సంతకం వెట్టుమంటరు. మీ పిలగాడు గుడ్డిగ సంతకం వెట్టాల్నా? చదివి, గిదేందని అడగాల్నా?"

"అడగాలె సార్," అన్నాడతను నసుగుతూ.

"గదే నేర్పుతుంది. పోయిరా."

అతను వెళ్లాక పెద్దసారు నాకూ చీవాట్లు పెట్టారు. "మేడం, తండ్రికి ముందుగల్ల ఒక ముక్క చెప్తే ఇంత దూరం రాకపోవు గద? పోరగాండ్ల తోని మాట్లాడినవ్, ఇంటోళ్లను మర్శినవ్."

ఆ చీవాట్లు న్యాయమైనవే. ప్రశ్న అడగడం నేర్చుకున్న పిల్ల ముందుగా అడిగేది ఇంట్లోనే. ఆ ఇంటివాళ్లను మీరు సిద్ధం చేయకపోతే దెబ్బ తినేది పిల్ల. ఆ తర్వాత ప్రతి ఏడాదీ జూన్‌లో తల్లిదండ్రులను కూర్చోబెట్టి, మీ పిల్లలు ఇక నుంచి మిమ్మల్ని సతాయిస్తారు, కోపగించకండి, తెలియకపోతే తెలియదనండి అని చెప్పేదాన్ని. అంజమ్మ వచ్చి ముందు వరసలో కూర్చుని, "మా ఇంట్ల ఎప్పటికెల్లో గదే నడుస్తుంది," అని అందరినీ నవ్వించేది.

సమజ్ గాలే

ఇప్పుడు ఎవరు ఎక్కడున్నారో చెప్పాలి. వెంకటరత్నం గారు గుంటూరు వెళ్లలేదు. మా బడిలోనే రిటైరయ్యారు, మా వెనక గల్లీలోనే ఉంటున్నారు. రాష్ట్రం వచ్చిన రోజున పిల్లలు ఆయన మొహాన గులాల్ పూస్తే తుడుచుకోకుండా ఇంటికెళ్లారు. స్వరూప ఫార్మసీ చదివి మలక్‌పేటలో ఒక మందుల షాపులో పనిచేస్తోంది. ముసలివాళ్లకు చీటీలో ఏముందో వాళ్ల మాటలో విడమర్చి చెప్తుందని, అందుకే అక్కడ ఎప్పుడూ వరస ఉంటుందని అంజమ్మ చెప్పింది.

కానీ నేను ఎక్కువగా తలుచుకునేది వీటన్నిటికంటే ముందు సంగతి. బడి తెరిచాక, పరీక్షలకు కొన్నాళ్ల ముందు, ఒక మధ్యాహ్నం.

పిల్లలు ఎప్పుడూ చూడని ఒక పేరా ఇచ్చి భవానిని చదవమన్నాను. ఎప్పట్లాగే మొదలుపెట్టింది. మూడో వాక్యం దగ్గర ఆగింది. నేను ఊపిరి తీసుకుంటోందనుకున్నాను. మళ్లీ ఆ వాక్యమే చదివింది, నెమ్మదిగా. మళ్లీ ఆగింది. ఆ బుగ్గలు ఎర్రబడ్డాయి.

"టీచర్," అంది, గొంతు బాగా తగ్గించి. "నాకు సమజ్ గాలే."

నాలుగు అధ్యాయాలు కళ్లు మూసుకుని అప్పజెప్పగల పిల్ల అది. అర్థం కాలేదన్న మాట రెండేళ్లలో ఆమె నోట వినడం అదే మొదలు. ముందు బెంచీల్లో ఎవరూ నవ్వలేదు. నేను బోర్డు దగ్గర నుంచి అటు నడవబోయాను. అంతలో చివరి బెంచీ నుంచి స్వరూప లేచి, వచ్చి భవాని పక్కన ఇరుక్కుని కూర్చుంది.

"ఏడ తప్పిపోయినవ్?" అంది. "మొదటికెల్లి మళ్ల సదువు. జల్ది ఏం లేదు."

రెండు తలలు ఒక పుస్తకం మీద వాలాయి. ఒకరి వేలు అక్షరాల కింద మెల్లగా జరుగుతోంది, ఇంకొకరి గొంతు దాని వెంట నడుస్తోంది. కిటికీ అవతల ఎల్బీనగర్ బస్సుల హారన్లు మోగుతున్నాయి. చాక్‌పీస్ బల్ల మీద పెట్టేసి, స్వరూప ఖాళీ చేసిన చివరి బెంచీలోకి వెళ్లి కూర్చున్నాను. ఆ పీరియడ్ అయ్యేదాకా నేను ఒక్క ముక్క కూడా చెప్పలేదు.